ఎర్రపేలిక కట్టిన బీరకాయ

ఆదివారం వస్తుందంటే సమ్మవ్వ గుండెల్లో రాయి పడేది. ఆ రోజు కరీంనగర్ నుంచి వకీలు సుదర్శన్‌రావు భార్య దేవకి రిక్షా కట్టించుకుని మానేరు ఒడ్డునున్న సమ్మవ్వ తోటకు వచ్చేది. అంగడి కూరగాయలు ఆమె ముట్టదు. తోటలో నిలబడి తన చేత్తో తెంపుకుంటేనే తాజా అట! తెంపుకోనీ, ఎవరొద్దన్నారు? కానీ తరాజులో పడ్డవి కిలో అయితే, కొసరని సంచిలో పడ్డవి అరకిలో. పైగా ఒకటే అనుమానం, మంచి కాయలన్నీ సమ్మవ్వ ఎక్కడో దాచేస్తోందని.

ఒక ఆదివారం ఆ అనుమానానికి ఆధారం కూడా దొరికింది. బీర పందిరి కింద ఎర్రపేలిక కట్టిన కాయ కనిపించింది.

“గిదేందే? గింత మంచిది ఎవలకు దాసినవ్?”

“ఇత్తనానికి ఇడిసిన దొర్సానీ. ముట్టకుండ్రి, మీకు దండం వెడుత.”

“మాకు తెల్వదా మీ ఏశాలు!” అని దేవకి మూతి తిప్పుకుని పోయింది. చూపు మాత్రం కాయ మీదే ఉండిపోయింది.

సమ్మవ్వకు అన్నం సయించలేదు. ఖానాపూర్ దగ్గరి పుట్టింటి నుంచి ఒడిబియ్యంతో పాటు కొంగున కట్టుకొచ్చిన విత్తనం అది. ఏటా ఒక కాయను విడిచి, గింజ తీసి దాచుకుంటోంది. తల్లి పోయింది, అక్కడి పాదూ పోయింది. ఈసారి కోతులు ఆ తీగ కాయలన్నీ కొరికి పారేసి ఈ ఒక్కటే వదిలాయి. ఇదీ పోతే తల్లి చేతి బీర ఇక లేనట్టే. అడ్డంపడి వద్దంటే దేవకి సరిగ్గా దాన్నే తెంపుతుంది, ఆమె సంగతి సమ్మవ్వకు తెలియదా!

శనివారం పేలిక విప్పింది. పందిరి అవతలి కొసన, అంగడి విత్తనం వేసిన తీగకు, పైకి నవనవలాడుతూ లోపలంతా పీచు కట్టిన ముదురుకాయ ఒకటి ఉంది. పేలిక దానికి కట్టి, రెండు ఆకులు కప్పి, దాచీ దాచనట్టు పెట్టింది. అసలు కాయకు ఇంత బురద పూసింది.

“జర ఓర్సుకో బిడ్డా, దొర్సాని కంట్ల వడకు” అని దాన్ని నిమిరింది.

ఆదివారం దేవకి వంకాయలు, టమాటలు తూకం వేయించుకుంది. “చేతులు కడుక్కొస్త” అంటూ పందిరి వైపు నడిచింది. బావి ఇటుంటే ఆమె అటు పోయింది! పేలిక చోటు మారిందని చూసుకునే తీరిక, గోరు గుచ్చి చూసే తీరిక దొంగకెక్కడిది? తిరిగొచ్చేసరికి కొంగు నిండుగా ఉంది, చేతులు పొడిగా ఉన్నాయి. సమ్మవ్వ నవ్వాపుకోలేక దగ్గు తెచ్చుకుంది.

“బిరాన పోవాలె. మా ఆడిబిడ్డ జానకీబాయి వస్తుంది” అంటూ దేవకి రిక్షా ఎక్కింది.

మరుసటి ఆదివారం రిక్షా ఆగీ ఆగకముందే ఆమె గొంతు వినిపించింది.

“ఏందే సమ్మవ్వా, గది కాయనా, వీపు రుద్దుకునే పీచా? మా ఆడిబిడ్డ నములుడు నములుడే! ఆఖర్కి నోట్లకెల్లి తీసి పళ్లెం అంచుకు వెట్టి, ‘తోటకెల్లి తెచ్చిన తాజాది గిదేనా దేవకీ’ అన్నది. నా ఇజ్జత్ వాయె!”

“ఏ కాయ దొర్సానీ?” సమ్మవ్వ అమాయకంగా అడిగింది.

“బీరకాయ!”

“బీరకాయ నేనెప్పుడు తూచిన? మీరు కొన్నయి వంకాయలు, టమాటలు గదా.”

వకీలు గారి ఇల్లాలు, సాక్షి అవసరం లేకుండా తన నోటితో తనే ఒప్పేసుకుంది. రిక్షా అంజన్న మొహం అటు తిప్పుకున్నాడు గానీ అతని భుజాలు కదులుతూనే ఉన్నాయి. ఆ వారం ఆమె కొసరడగలేదు.

పదిహేను రోజులకు అసలు కాయ ఎండి, ఊపితే గలగలమంది. సమ్మవ్వ గింజలను కళ్లకద్దుకుంది. తల్లి గుర్తొచ్చి కాసేపు ఏడ్చింది కూడా. ఆ ఆదివారం దేవకి వచ్చినప్పుడు పది గింజలు కాగితంలో చుట్టి ఆమె సంచిలో వేసింది.

“గిదేంది?”

“కొసరు దొర్సానీ. మీ పెరట్ల వెట్టుండ్రి. కాతకొచ్చినంక నేనొస్త, నా చేత్తోనే తెంపుకుంట.” సమ్మవ్వ కొంగు దులిపి నడుముకు దోపుకుంది. “మంచియి యాడ దాసిన్రో గూడ జూస్త.”