సున్నం కింద రాతలు

"ఆ గోరీల మీద నీ జేసీబీ ఎక్కిందంటే మనకేదో చుట్టుకుంటుందిరా ఎరిక్. కాలో చెయ్యో పడిపోతుంది," అంది రత్నమణి, ఇంకా పని మొదలవకముందే.

"చెయ్యనంటే ఇక్కడ ఉండనిచ్చే నా ఇకామా కార్డు రెన్యువల్ చెయ్యరమ్మా. అసలే కంపెనీ సర్కారు వాళ్ల ఎర్ర జాబితాలో ఉంది. మనిషికింతని లెవీ కట్టలేక సగం మందికి ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేశారు," అన్నాడు కొడుకు.

ఆమె ఆ అరబ్బు ఊరి ఆసుపత్రిలో వార్డులు తుడుస్తుంది. ఆసుపత్రి వెనక కొత్త వార్డు కట్టబోతున్న జాగాలో మూడు వరసల పాత సమాధులున్నాయి. అవి వెనకటికి అక్కడ వెండి పని చేసుకు బతికిన యూదులవని, డెబ్బయ్యేళ్ల కిందట వాళ్లంతా ఊరొదిలి వెళ్లిపోయారని మేస్త్రీ హన్మాండ్లు ఎక్కడో విని చెప్పాడు. యూదులంటే అబ్రహాము సంతానం. ఆ మాట విన్న దగ్గర్నుంచి రత్నమణికి ముద్ద దిగలేదు.

శుక్రవారం సెలవు పూట, కొడుకు పడుకుని ఉండగా, ఆమె బకెట్లో సున్నం కలుపుకుని వెళ్లింది. పాలకొల్లు దగ్గర తమ ఊళ్లో సమాధుల పండుగకి ఏటా చేసినట్టే రాళ్ల మీది ఇసుక దులిపి, ఒక్కోదానికీ చిక్కగా రెండు పూతలు వేసింది. "మావాణ్ణి ఏమీ అనకండయ్యా, వాడి చేతుల్లో ఏం లేదు" అని ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పుకుంది. నాలుగు రాళ్లు మిగిలుండగా సున్నం అయిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని వెళ్లేసరికి మొదటి వరస లేదు. రాళ్లు ముక్కలై లారీలో వెళ్లిపోయాయి.

"రా అక్కా," అన్నాడు నీడన కూచున్న హన్మాండ్లు. "నీ కొడుకు జేసీబీ నడుపుతున్నడా, పెండ్లి ఊరేగింపు తీస్తున్నడా? తొమ్మిది రాళ్లకు పొద్దంత పట్టె."

ఎరిక్ చేతులు కడుక్కుంటున్నాడు. "బలదియా ఆఫీసరు, అదే మున్సిపాలిటీ ఆయన, వచ్చి వెళ్లాడమ్మా. రాతలున్న రాళ్లు మ్యూజియానికి పంపించి, లేనివి తీసెయ్యమన్నాడు. చూస్తే నాలుగింటికే ఉన్నాయి. తక్కినవన్నీ ఉత్త తెల్ల రాళ్లే."

రత్నమణి క్యారేజీ మూత తీయకుండానే కింద పెట్టేసింది.

"ఉత్తవి కావురా. అన్నిటికీ రాతలున్నాయి. గీతలు పూడిపోయేదాకా సున్నం పూశాను. నేనే పూశాను."

హన్మాండ్లు నవ్వు ఆపేశాడు. ఎరిక్ చదునైన నేలకేసి ఒకసారి చూసి, వెళ్లి జేసీబీ తాళం తీసేసుకున్నాడు.

"జైల్లో పెడతారంటావా? పెడితే నన్ను పెట్టమను. ఆఫీసరుకి చెప్పకురా, నీకు ఎగ్జిట్ కొట్టేస్తారు. చెప్పకపోతే మరి ఆ రెండు వరసలూ..." ఆమె ఇంకా నిలబడి ఉన్న తెల్ల రాళ్లకేసి చూసింది.

అన్నం చల్లారిపోయింది. మసీదులో మధ్యాహ్నపు జుహర్ నమాజు మొదలైంది, ముగిసింది.

"ఆ తొమ్మిదింటికీ నేనిప్పుడు ఏమీ చెయ్యలేనమ్మా," అన్నాడు ఎరిక్ చివరికి. "ఉన్నవాటిని నీళ్లు పోసి రుద్దుదాం పద. ఆఫీసరుకి ఫోన్ చేస్తాను, ఎగ్జిట్ కొడితే కొట్టనీ. ఎవరు పూశారంటే మా అమ్మేనని చెప్తాను."