నల్లదారాల హ్యాండిల్

తంగళ్ళపల్లి దాటాక మలుపులో మా కారు వెనక తలుపు తెరుచుకుంది. ఐదేళ్ళ నా కూతురు భాగ్యశ్రీ ఆ తలుపుకే ఆనుకుని కూర్చుంది. పక్కనున్న మా అత్త సత్యవ్వ గౌను పట్టి లాగకపోతే పిల్ల రోడ్డు మీద ఉండేది. మా ఆయన మహేశ్ బండి ఆపి, దిగి, తలుపు దబేల్న వేసి, "ఏం గాలే తియ్యి," అన్నాడు. ఏం కాలేదట! నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ తలుపు ఎందుకు పడదో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. మా అత్త కొండగట్టు పోయొచ్చినప్పుడల్లా, దిష్టి తగలకూడదని హ్యాండిల్‌కు నల్లదారం కడుతుంది. గుడి దగ్గర కొన్న దారం ఆమెకు ఆనదు. మా సాంచాల షెడ్డులో మరమగ్గాలకు వాడే నూలుకు నల్లరంగు వేసి, దేవుడి ముందు పెట్టించి తెస్తుంది. వేసేది నేతోళ్ళ ముడి, బిగిసిందంటే ఊడదు. పాతది తీయకుండా కొత్తది కట్టీ కట్టీ, హ్యాండిల్ వెనక బొటనవేలంత లావున దారాలు పేరుకున్నాయి. అది ఎప్పుడూ కాస్త పైకి లేచే ఉంటుంది. అలా లేచి ఉంటే లోపల గొళ్ళెం ఎలా పడుతుంది?

కోసెయ్యమంటే, "దేవుని దారానికి కత్తెర వెడ్తవా?" అంటాడు మహేశ్. సాంచా మీద పోగు తెగితే కళ్ళు మూసుకుని అతికే మనిషి, ఇక్కడ మాత్రం చేతులు కట్టుకుంటాడు. సిరిసిల్లలో కొన్న కొత్త హ్యాండిల్ అల్మారాలోనే మూలుగుతోంది.

ఇంటికి రాగానే పానాలు, స్క్రూడ్రైవర్ బయటికి తీశాను.

"దారం కొయ్యనే కొయ్య. హ్యాండిలే పీకుత. నీ భక్తి నీకుంటది, నా బిడ్డ నాకుంటది," అన్నాను.

"నీకు బండి పనేమొస్తది? పండుగైనంక మెకానిక్ తానికి పోదాం."

"పిల్ల పడ్డంక పోదామా?"



ఫోన్లో చూసి నేర్చుకున్నదే. తలుపు లోపలి అట్ట ఊడదీసి, ప్లాస్టిక్ కవరు తొలగించి, రేకుల సందులో చెయ్యి పెట్టాను. పాత బండి, నట్లు తుప్పు పట్టి కదలవు. మొగుణ్ణి తిట్టుకుంటూ ఒకటి, బండి అమ్మినవాణ్ణి తిట్టుకుంటూ ఇంకోటి తిప్పాను. హ్యాండిల్‌ను గొళ్ళేనికి కలిపే కడ్డీ క్లిప్పు విప్పేటప్పుడు రేకు అంచు తగిలి మణికట్టు గీరుకుపోయింది. హ్యాండిల్ దారాలతో సహా ఊడొచ్చింది. తీసుకెళ్ళి మహేశ్ చేతిలో పెట్టాను.

"ఇగో, మొక్కుకో."

కొత్తది బిగించాను. తలుపు తెరిచి ఉండగానే స్క్రూడ్రైవర్‌తో గొళ్ళెం నొక్కి, హ్యాండిల్ ఎత్తి చూశాను. విడిచింది. అప్పుడు తలుపు వేశాను. టక్కున పడింది, గుంజినా కదల్లేదు.

వెనక్కి తిరిగితే మా అత్త. చేతిలో ఇంకో నల్లదారం! కోపం నెత్తికెక్కింది. తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

"అత్తమ్మా, దీనికి గిట్ల కట్టినవంటే బండే అమ్మేస్త!"

ఆమె తలుపు వైపు చూడనేలేదు. నెత్తురు కారుతున్న నా చెయ్యి పట్టుకుని, గీరుకున్న చోటికి కొంచెం పైన దారం చుట్టింది.

"పోరిని గా తలుపుకాడ కూసుండవెట్టింది నేనే," అంది. "దారం ఉన్నదని ధైర్యం."

ఎప్పుడూ చూడకుండానే వేసే ముడి రెండుసార్లు జారిపోయింది. నా కోపం తగ్గలేదు. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.