ఫెన్యో వేలిముద్ర

మమెలోడీ పేటలో అందరూ మ్మ ఫెన్యో అని, అంటే ఫెన్యో తల్లి అని, పిలిచే ఆవిడ ఇంటి ముందుగదిలో ఒక అద్దాల బీరువా ఉంది. పై అరలో పెళ్ళినాటి టీకప్పులు, కింది అరలో చర్చి పాటల బృందం వాళ్ళిచ్చిన షీల్డు. మధ్య అరలో లేసుగుడ్డ మీద ఒక గ్రాఫిక్స్ కార్డు. ఇంటికి ఎవరొచ్చినా ఆవిడ ముందు దాన్నే చూపిస్తుంది. "మావాడు దీంతోనే దేశంలో ఫస్టు," అంటుంది. దేంట్లో ఫస్టో ఆవిడకి సరిగ్గా తెలీదు. కంప్యూటర్ తెర మీద బొమ్మలు పరిగెత్తించే ఆ కార్డుల్లో అది అన్నిటికన్నా చవక రకం. కొత్తలో కూడా దాని మొహం చూసినవాడు లేడు. అలాంటిదానిచేత తాహతుకి మించిన పరుగు తీయించడమే ఆవిడ కొడుకు ఫెన్యోకీ, వాడి స్నేహితుడు మొఖెతికీ ఉన్న పిచ్చి. ఒక్కో రకం కార్డుతో దేశంలో ఎవరు ఎంత స్కోరు తీశారో ఇంటర్నెట్‌లో ఒక పట్టిక ఉంటుంది. ఖరీదైన కార్డుతో ఎవడైనా గెలుస్తాడు, ముష్టి కార్డుతో గెలిస్తేనే మజా అనేవాడు ఫెన్యో.

ఫెన్యో పోయి మూడేళ్ళయింది. రుస్టెన్‌బర్గ్ దారిలో టాక్సీ తిరగబడింది.

ఆ కార్డు మీద, చిప్పు చుట్టూ, బూడిదరంగు రబ్బరు ముద్ద అతికించి ఉంటుంది. బొమ్మలు గీసేవాళ్ళు పెన్సిలు గీతలు చెరపడానికి వాడే మెత్తటి రబ్బరే. పందెం రోజున కార్డుని డ్రై ఐసుతో గడ్డ కట్టేంత చల్లబరుస్తారు. అప్పుడు పట్టే చెమ్మ లోపలికి దిగి కార్డు చావకుండా ఆ ముద్ద కాస్తుంది. ఒక మూల దాన్ని గట్టిగా అదిమినప్పుడు ఫెన్యో బొటనవేలు దిగబడి, ముద్ర గీతలతో సహా అలాగే ఉండిపోయింది. అంత్యక్రియలయ్యాక మొఖెతి కార్డు తెచ్చి ఇస్తే, ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఆ గుంటలో తన బొటనవేలు పెట్టింది. అప్పట్నుంచీ రోజూ పొద్దున ప్రార్థన కాగానే బీరువా తలుపు తీస్తుంది. ఈ సంగతి మొఖెతికి తప్ప ఎవరికీ తెలీదు.

ఆదివారం చర్చి నుంచి నేరుగా మొఖెతి అక్కడికే భోజనానికి వెళ్తాడు. ఆవిడ పాప్ అనే మొక్కజొన్న సంకటి వడ్డిస్తూ ప్రతిసారీ ఒకే మాట అడుగుతుంది. "వాడి పేరు పైనే ఉందిగా?" వాడు "ఉందమ్మా" అంటాడు. ఆ తర్వాతే ముద్ద నోట్లోకి వెళ్తుంది.

ఈసారి వాడు ఆ మాట అనలేకపోయాడు.

"ఏంట్రా, చెంచా నమిలేస్తున్నావ్? వాడి పేరు పైనే ఉందా లేదా?"

"లేదమ్మా. సెంచూరియన్‌లో హెన్నీ అని ఒకడున్నాడు. వాడు దాటేశాడు. ఫెన్యో రెండో స్థానంలోకి దిగాడు."

ఆవిడ గరిటె కింద పెట్టేసింది. "నేను చర్చిలో అందరికీ చెప్పుకున్నాను కదరా."

"మళ్ళీ పైకి తెస్తానమ్మా. ఆ కార్డులో ఇంకా సత్తువ ఉంది. వాడే అన్నాడు, ఇంకొంచెం తిప్పచ్చు, వద్దులే అని. ఒక్కసారి ఇవ్వు. వాడి పేరు మీదే పెడతాను."

ఆవిడ బీరువా దగ్గరికి వెళ్ళి చాలాసేపు నిలబడింది. ఇవ్వాలని లేదు. కొడుకు పేరు కిందికి దిగడమూ ఇష్టం లేదు. చివరికి లేసుగుడ్డతో సహా తెచ్చి చేతిలో పెట్టింది.

"ఆ వేలు పడ్డ చోటు మాత్రం ముట్టుకోకు."

"ముట్టుకోనమ్మా. ఒట్టు."

ఒట్టు పెట్టడానికి ఏముంది, నాలుక్కి ఎముక లేదు. శనివారం మధ్యాహ్నం తన ఇంటి వెనకగదిలో బల్ల మీద కార్డు పెట్టి దీపం కిందకి లాగాక గానీ మొఖెతికి అసలు సంగతి కనబడలేదు. మూడేళ్ళు అద్దం వెనక ఎండకి రబ్బరు ముద్ద బిగుసుకుపోయి, కార్డుని వదిలేసి పైకి లేచింది. ఇంకే మూలన్నా లేస్తే సరిపెట్టుకోవచ్చు, సరిగ్గా వేలిముద్ర ఉన్న మూలే లేచింది. ఆ సందులోంచి చెమ్మ దిగితే కార్డు అయిదు నిమిషాలు కూడా బతకదు.

కార్డు వెనక్కిచ్చేసి, నా వల్ల కాలేదమ్మా అనచ్చు. ఆ మాట అనే ధైర్యం వాడికి లేకపోయింది. పేరుని దేశమంతా చూస్తుంది, ముద్రని ఒక్క మనిషే కదా చూసేది అని తనకి తాను నచ్చజెప్పుకున్నాడు. ఆ ఒక్క మనిషి ఎవరో మాత్రం ఆలోచించకుండా తప్పించుకున్నాడు. ముద్ర ఉన్న ముక్కని చెక్కుచెదరకుండా తీసి, పనయ్యాక మళ్ళీ అతికిద్దామని బ్లేడు దూర్చాడు. అది ఎండిన పిండిలా బల్ల మీదికి రాలిపోయింది. ఏరుకుందామని చెయ్యి పెడితే ఇంకా పొడైంది.

మొఖెతి బ్లేడు విసిరికొట్టి, తల పట్టుకుని ఏడ్చాడు. అయిపోయినదాన్ని ఎలాగూ వెనక్కి తేలేడు. ఇప్పుడు ఆపేస్తే ముద్రా పోయినట్టే, పేరూ పోయినట్టే. కొత్త రబ్బరు తీసి పిసికి చిప్పు చుట్టూ అదిమాడు.

ఇక అసలు పని. కార్డులోని చిప్పుకి ఎంత వోల్టేజి పంపాలో చూసుకునే కాపలాదారు చిప్పు ఇంకొకటి పక్కనే ఉంటుంది. దాని కాలికి ఒక చిన్న మరగుండీ కట్టి దానికి అబద్ధం చెప్పాలి. వోల్టేజి తగ్గిపోయింది, ఇంకా పంపు అని. అది నమ్మి ఇంకా పంపుతుంది, దాంతో చిప్పు ఇంకా వేగంగా పరిగెడుతుంది. ఆ మరని తిప్పినప్పుడల్లా అబద్ధం కొంచెం పెరుగుతుంది. ఈ కార్డుకి ఇదివరకే కట్టిన మరని ఫెన్యో ఒకచోట ఆపి, కదలకుండా వాళ్ళమ్మ ఎర్ర గోళ్ళరంగు చుక్క పెట్టి మూసేశాడు. మొఖెతి ఆ చుక్కని సూదితో గీకి తీసేశాడు.

చిప్పు మీద రాగి గిన్నె బిగించి, స్పిరిట్ పోసి, డ్రై ఐసు ముక్కలు వేశాడు. పొగ బల్ల మీదుగా కిందికి జారింది. మీటరు చూస్తూ మరని వెంట్రుకవాసి తిప్పాడు. ఇదివరకు ఇది ఇద్దరి పని. ఐసు వెయ్యడం, మర తిప్పడం మొఖెతి వంతు. కీబోర్డు ముందు కూర్చోవడం, అరవడం ఫెన్యో వంతు. "ఇంకొంచెం వెయ్యరా, మీ తాత సొమ్మేం పోయింది!" అని వాడు అరుస్తుంటే మొఖెతి ఇంకో ముక్క వేసేవాడు.

మూడుసార్లు తెర మీద చారలొచ్చి పరుగు ఆగిపోయింది. నాలుగోసారి ఆగలేదు. బొమ్మలు పరిగెత్తాయి. చివరి అంకం దాటి స్కోరు తెర మీద పడింది. హెన్నీ స్కోరు కన్నా ఎక్కువ. చాలా ఎక్కువ. మొఖెతి గావుకేక పెట్టి, తెర ఫొటో తీసే మీట నొక్కాడు.

ఆ మరుక్షణమే తెర మీద రంగులు చెల్లాచెదరై, చీకటైపోయింది. కాలిన వాసన వచ్చింది. కార్డు మళ్ళీ లేవలేదు. పోతే పోయింది, పని జరిగింది అనుకుని వాడు ఫొటో తెరిచి చూసుకున్నాడు.

ఫొటోలో స్కోరు ఉంది. అంతే ఉంది. కార్డు పేరూ, అది పరిగెత్తిన వేగమూ చూపించే చిన్న విండో లేదు. అది లేకపోతే ఏ కార్డుతో తీసిన స్కోరో తెలీదు, లెక్కలోకి రాదు. ఈ ఆటలో అడుగుపెట్టిన పసివాడికి మొదట నేర్పే సంగతి అది. మొఖెతికీ తెలుసు. కానీ వాడు ఎన్నడూ ఆ విండో తెరవలేదు, ఆ ఫొటో తియ్యలేదు. అది ఎప్పుడూ ఫెన్యో చేసే పని. ఫెన్యో లేని లోటు మొఖెతికి ఇప్పుడు ఇలా తగిలింది.

హెన్నీకి ఫోన్ చేశాడు. ఏడుపు ఆపుకోలేక జరిగిందంతా చెప్పేశాడు.

"ఆ ఫొటో నాకు పంపరా. నేనేం అనను. వాడి పేరు పైన పెట్టించేద్దాం, అందరికీ నేను చెప్తా," అన్నాడు హెన్నీ. మంచివాడే.

"నువ్వూ ఒకసారి ఇలాగే విండో మర్చిపోయి పంపావు. గుర్తుందా?"

"గుర్తులేకేం. మీవాడు రూలు రూలే అని నన్ను వారం రోజులు ఆడుకున్నాడు."

"మరి ఇప్పుడు వాడి పేరు మీద ఎలా పెట్టమంటావ్?"

ఫొటో పంపకుండానే మొఖెతి ఫోన్ పెట్టేశాడు.

గిన్నె విప్పి, తడి తుడిచి, కార్డుని లేసుగుడ్డ మీద పెట్టాడు మొఖెతి. మూల రబ్బరు నున్నగా, ఖాళీగా ఉంది. దాన్ని ఎంతోసేపు చూశాడు. తర్వాత తన బొటనవేలు అక్కడ పెట్టి గట్టిగా అదిమాడు. గుంట పడింది, గీతలు పడ్డాయి. వేలిముద్రలన్నీ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి కదా అనుకున్నాడు. సిగ్గుతో వాడి చెవులు వేడెక్కాయి. అయినా చెరపలేదు.

ఆదివారం ఆవిడ గుమ్మంలోనే ఎదురుచూస్తోంది.

"రెండో స్థానమేనమ్మా. గెలిచాను గానీ నా పొరపాటు వల్ల లెక్కలోకి రాలేదు. కార్డు కూడా కాలిపోయింది."

ఆవిడ మొహం వాడిపోయింది. అయినా వాడి భుజం తట్టింది. "పోనీలేరా. నువ్వు మాత్రం ఏం చేస్తావ్! చర్చిలో వాళ్ళకి నేను చెప్పుకుంటాలే. ఏది, ఇలా ఇవ్వు."

కుర్చీలో కూర్చుని కార్డు ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళు మూసుకుని గుంటలో వేలు పెట్టింది. కాసేపటికి వేలు తీసి, గౌనుకి తుడుచుకుని, మళ్ళీ పెట్టింది. కళ్ళు తెరిచింది.

"నీ వేలు పెద్దది నాయనా," అంది.

తిడితే బాగుండు, కొడితే ఇంకా బాగుండు అనిపించింది మొఖెతికి. ఆవిడ లేసుగుడ్డ మాత్రం తన దగ్గర ఉంచుకుని, కార్డు వాడి చేతిలో పెట్టింది.

"ఇది నీదిరా. నువ్వే ఉంచుకో."

వంటింట్లోకి వెళ్ళి పళ్ళెంలో పాప్, మామిడి అచ్చార్ పెట్టి తెచ్చి వాడి ముందు ఉంచింది. ఒక్క పళ్ళెమే తెచ్చింది. తర్వాత బీరువా తెరిచి ఆ గుడ్డని మధ్య అరలో ముడతలు లేకుండా పరిచి, తలుపు వేసింది. దాని ఎదురుగా కుర్చీ లాక్కుని, తన బొటనవేలిని రెండో చేత్తో పట్టుకుని కూర్చుంది.