మెంతుల గిన్నెలో మాత్రలు

నేను ఒక పోపుల డబ్బాను. ఒళ్లంతా స్టీలు, లోపల ఏడు బుల్లి గిన్నెలు. తెనాలిలో నాంచారమ్మ వంటింటికి వచ్చి నలభై ఏళ్లయింది. పోపు వేసేటప్పుడు ఆవిడ నా వంక చూసేది కాదు. ఏ గిన్నె ఎక్కడుందో ఆ చేతికే తెలుసు.

కూతురు స్వర్ణ కొత్త డబ్బా తెచ్చి నన్ను పారేయబోతే, "ఉంచవే, నా మందులకి పనికొస్తది" అని అడ్డుపడింది. చదువు రాదు, కానీ పద్ధతి తెలుసు. షీట్లలోంచి మాత్రలన్నీ ఒలిచి, తెల్లవి బీపీవని ఆవాల గిన్నెలో, గులాబీవి షుగరువని మెంతుల గిన్నెలో పోసేది. పొద్దున ఆవాల గిన్నెలోది ఒకటి, మెంతుల గిన్నెలోవి మూడు పూటలా. "పాడు మాత్రలు, నేను పోతేగాని నన్ను వదలవు" అని రోజూ తిట్టేది. తిడుతూనే మింగేది. పదమూడేళ్లలో ఒక్క పూట తప్పితే ఒట్టు.

మొన్న వేసవిలో మందుల కొట్టాయన వేరే కంపెనీవి ఇచ్చాడు. ఈసారి బీపీవి గులాబీ, షుగరువి తెలుపు. ఆ సంగతి చెప్పిన పాపాన పోలేదు. ఆవిడ ఎప్పట్లాగే రంగు చూసి పోసుకుంది. బీపీ మాత్ర మూడు పూటలా పడింది. నాలుగో రోజు పెరట్లో కళ్లు తిరిగి పడిపోయింది.

"బీపీ బాగా పడిపోయింది. మతిమరుపుతో ఎక్కువ మింగినట్టున్నారు, ఇకమీద మీరే ఇవ్వండి" అన్నాడు డాక్టరు.

"ఎన్ని మింగావో కూడా గుర్తు లేదా అమ్మా?" ఇంటికొచ్చి స్వర్ణ తల బాదుకుంది.

"లెక్క తప్పలేదే తల్లీ. నీ మీద ఒట్టు."

"సర్లే, ఊరుకో."

ఒలిచిన షీట్లు నా అడుగునే ఉన్నాయి. పేరు చదివితే చాలు, అంతా తేలిపోయేది. చదువుకున్న ఇల్లు, చదివిన వాళ్లు ఒక్కరూ లేరు! స్వర్ణ మాత్రలూ షీట్లూ కలిపి చెత్తబుట్టలో గుమ్మరించింది. నోరు లేని నా బతుకు తగలెయ్య.

ఇప్పుడు నాలో అంట్లు తోమే పీచు పెడుతున్నారు. స్వర్ణ పేర్లు చదివి సరైన మందే ఇస్తోంది, కాదనను. "నోరు తెరువమ్మా" అని నాలుక మీదే పెడుతుంది. మొదట్లో నాంచారమ్మ "చేతికియ్యవే, నేనేసుకుంటా" అని గొడవపడేది. తర్వాత అది మానేసింది.

నిన్న మధ్యాహ్నం తనే వంటింట్లోకి వచ్చి నిలబడింది.

"స్వర్ణా, పొద్దున నేను మింగానంటావా?"