బెలూన్ వంతు

సాయంత్రం నాలుగయ్యేసరికి ఆ వృద్ధుల వసతి గృహం హాల్లో కుర్చీలు గుండ్రంగా చేరేవి. మధ్యలో ఒక అమ్మాయి ఎర్ర బెలూన్ పట్టుకుని నిలబడేది. పెద్దవాళ్ళకు కాలక్షేపం కల్పించడమే ఆమె ఉద్యోగం. "తాతగారూ, ఇటు కొట్టండి! అబ్బ, ఎంత బాగా కొట్టారో! అందరూ చప్పట్లు!" అనేది. ఇరుకు సందుల్లో బస్సు నడిపి రిటైరైన డ్రైవరు తాతగారు ఆ బెలూన్‌ను ఒక్క వేలితో పక్కకు నెట్టేవారు. అదొక ఘనకార్యమైనట్టు చప్పట్లు మోగేవి. తాతకు దగ్గులు నేర్పడమంటే ఏమిటో తెలియని వాళ్ళు ఆ హాల్లోకి ఒక్కసారి తొంగి చూస్తే చాలు.

అమ్మాయి మాత్రం పొంగిపోయేది. ఆ పెద్దవాళ్ళు తనను చాటుగా 'ఆటలమ్మ' అంటారని, ఒళ్ళంతా పొక్కులు లేపే జబ్బు పేరే ఏరికోరి పెట్టారని పాపం ఆమెకు తెలియదు. ఆమె బెంగ ఆమెది. ఆదివారం బంధువులు వచ్చినప్పుడు కార్యక్రమం రక్తి కడితేనే ఉద్యోగం ఖాయమని మేనేజరు చెప్పేశాడు. ఇంట్లో తల్లికి, తమ్ముడికి ఆమె జీతమే ఆధారం.

అయితే రోజూ సగం కుర్చీలు ఖాళీగానే ఉండేవి. ఒకరికి మోకాలినొప్పి, ఇంకొకరికి నిద్ర, మరొకరికి ఫోను. వింతేమిటంటే నిన్న రానివాళ్ళు ఇవాళ వస్తారు, నిన్న వచ్చినవాళ్ళకు ఇవాళ మోకాలు పట్టేస్తుంది. పిలుచుకొద్దామని ఆమె ఒక రోజు వరండాలోకి వెళ్ళింది. మలుపు దగ్గర మాటలు వినిపించి ఆగింది.

"ఇవాళ బెలూన్ వంతు మీది, హెడ్మాస్టరమ్మగారూ. నిన్న నేనే కొట్టాను" అంటున్నారు డ్రైవరు తాతగారు, బడి నుంచి రిటైరైన ఆవిడతో.

"వెళ్తాను లెండి. ఎవరూ రాకపోతే ఆ పిల్ల మొహం వాడిపోతుంది. కొత్త ఉద్యోగం, ఇంకా ఖాయం కాలేదు."

"చప్పట్లు మాత్రం గట్టిగా కొట్టకండి. సంబరపడి రెండో బెలూన్ తెస్తుంది."

అమ్మాయి ఏ గదిలోనో దూరి ఏడుద్దామనుకుంది. అంతలో డ్రైవరు తాతగారు పిల్లిలా అడుగులు వేస్తూ వంటింటి వెనక్కి వెళ్ళడం కనిపించింది. ఆయన వెనకే వెళ్ళింది.

అక్కడ మోకాలినొప్పి ఆవిడ పీట మీద కూర్చుని బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. నిద్రపోవలసిన ఆయన బఠాణీలు ఒలుస్తున్నాడు. ఫోను పని ఉందన్నావిడ బీన్స్ తరుగుతోంది.

"బీన్స్ ఇంత పొడుగ్గా తరిగితే నోట్లో ఎలా పెట్టుకుంటారండీ?" అన్నారు డ్రైవరు తాతగారు.

"మీరు బస్సు నడుపుకోండి, బీన్స్ సంగతి నాకొదిలేయండి!"

అందరూ పడీపడీ నవ్వుతున్నారు. అంత నవ్వు ఆమె హాల్లో ఎన్నడూ వినలేదు. ఆమెను చూడగానే వంటవాడి మొహం పాలిపోయింది. పెద్దవాళ్ళ చేత పని చేయించకూడదన్నది అక్కడి నియమం మరి.

"మేనేజరుగారికి చెప్పకమ్మా. నేను అడగలేదు. వాళ్ళే వచ్చి కత్తి లాక్కున్నారు" అన్నాడు. ఆమె తలూపి వెనక్కి తిరిగింది.

ఆదివారం వచ్చింది. బంధువులు బారులు తీరి కూర్చున్నారు. మూడు బెలూన్లు సిద్ధంగా ఉన్నాయి. కుర్చీల్లో మాత్రం పెద్దవాళ్ళు ఒక్కరు కూడా లేరు! వచ్చినవాళ్ళందరికీ రాత్రి భోజనం అక్కడే, వంటింట్లో పని కొండలా ఉంది. బెలూన్ వంతు ఇవాళ ఇంకెవరిదో అనుకుని అందరూ అక్కడికే చేరారు.

వంటింట్లోంచి నవ్వులు వినపడేసరికి మేనేజరు రుసరుసలాడుతూ అటు నడిచాడు. వెనకే బంధువులంతా కదిలారు.

"పెద్దవాళ్ళను ఈ పనికి ఎవరు పెట్టారు?" అని గద్దించాడు.

"మా నాన్న చేత బీన్స్ తరిగిస్తారా?" అంది డ్రైవరు తాతగారి కూతురు.

అమ్మాయి నోరు మెదపకుండా ఉంటే సరిపోయేది. కానీ ఆ నవ్వు ఆమె చెవుల్లోంచి పోలేదు. "నేనే పెట్టాను సార్. ఇదే ఇవాళ్టి కార్యక్రమం" అంది. చూపు మాత్రం నేల మీదే ఉంది.

"ఈ పిల్లకు అబద్ధమాడటం కూడా రాదు. మేమే వచ్చాం" అన్నారు డ్రైవరు తాతగారు. తర్వాత కూతురి వైపు తిరిగారు. "ఇక్కడ నా పక్క పనివాళ్ళే పరుస్తారు, నా చొక్కా వాళ్ళే మడతపెడతారు. నాకూ చేతులున్నాయని గుర్తొచ్చేది ఈ బీన్స్ దగ్గరేనమ్మా!"

కూతురు తండ్రి చేతుల వైపు చూసింది.

"వేలు తెగితే బాధ్యత ఎవరిదండీ?" అన్నాడు మేనేజరు.

హెడ్మాస్టరమ్మగారు కళ్ళజోడు సవరించుకున్నారు. క్లాసులో అల్లరి పిల్లాడు దొరికినప్పటి చూపు అది. "తెగితే కట్టు కట్టుకుంటాం బాబూ. మాకు పొద్దుపోవడం లేదని మీకెవరు చెప్పారు? పొద్దు ఎలాగూ పోతుంది. మావల్ల ఒకరి అక్కర తీరాలి, అంతే. ఆ బెలూన్ కూడా ఆట కోసం కొట్టలేదు. ఈ పిల్లకు మా అవసరం ఉంది కాబట్టి వంతులు వేసుకుని కొట్టాం."

అమ్మాయి కళ్ళు నిండిపోయాయి.

"ఇంతకీ ఈ పిల్ల ఉద్యోగం ఖాయమేనా?" అడిగారు డ్రైవరు తాతగారు, కత్తి పళ్ళెంలో పెట్టేస్తూ. "కాకపోతే మేం ఇప్పుడే లేస్తాం. వంట మీరు చూసుకోండి."

మేనేజరు ఒలవని బఠాణీల గుట్టను చూశాడు, ఆకలి మీదున్న బంధువులను చూశాడు. "ఖాయమే లెండి" అన్నాడు.

"అయితే నిలబడ్డారేం? కూర్చుని ఒలవండి" అన్నారు హెడ్మాస్టరమ్మగారు. మేనేజరు కూర్చున్నాడు. కూతురు కూడా తండ్రి పక్కన చేరి, బీన్స్ పొడుగ్గా తరిగి తిట్లు తింది. బెలూన్లు బంధువుల పిల్లలకు వెళ్ళాయి. వాటితో నిజంగా ఆడుకున్నది వాళ్ళే.

పాఠకులారా, "మీరు కూర్చోండి, మేం చేస్తాం" అని మన పెద్దవాళ్ళతో ఎంతో ప్రేమగా అంటుంటాం. కూర్చోబెట్టడం ఒక్కటే గౌరవం కాదు, వాళ్ళ అవసరం మనకుందని చెప్పడమూ గౌరవమే.