ఏమీ చెయ్యని లైను

"పాస్! మూడింటి మీదా వెయ్యికి వెయ్యి!"

పక్క కుర్చీలో కూర్చుని తనతో పనిచేసే అక్క అరుపుకు అతని చేతిలోని టీ చొక్కా మీద ఒలికింది. ఆఫీసంతా 'నిదానం' అని పిలిచే మనిషి గబగబా లేచి నిలబడ్డాడు.

కిటికీల్లేని ఆ గదిలో ఎనిమిది నెలలు గడిచాయి. ఆస్పత్రి మంచాల పక్కన మోగే అలారం కోసం రాసిన ప్రోగ్రాం అది. గుండె, ఊపిరి ఒకే క్షణంలో తడబడితే రెండు అలారాలూ మోగాలి. రెండు కొత్త కంప్యూటర్లలో మోగేవి. మూడోదైన పాత డబ్బాలో మాత్రం వెయ్యిసార్లలో ఏ ఒక్కసారో, ఒకదాని కబురును రెండోది చెరిపేసేది. ఎక్కడ చెరిపేస్తోందో దొరికేది కాదు.

మేనేజర్ తలుపులోంచి తొంగిచూశాడు. "సాయంత్రానికి ఈ పని మూసెయ్. మీ ఆవిడ ఊరికి నీ బదిలీ మీద సంతకం పెట్టేస్తా."

వెంటనే భార్యకు ఫోన్ చేశాడు. పెళ్లయి పది నెలలు. కలిసి ఉన్నది ముప్ఫై రోజులు.

"వచ్చేస్తున్నా!"

"నాతోకంటే ఆ డబ్బాతోనే ఎక్కువ కాపురం చేశావు, మహానుభావా! పసుపు కర్టెన్లు కొన్నా. తగిలించడానికి నాకు అంత ఎత్తు అందట్లేదు."

ఫోన్ పెట్టేశాక కూడా అతను ఒక్కడే నవ్వుకుంటూ కూర్చున్నాడు.

మూసే ముందు ప్రోగ్రాంను మరోసారి చదివాడు. నిన్న తనే పెట్టిన లైను కనిపించింది. ఏ అలారం ఎప్పుడొచ్చిందో తెర మీద చూపించడం తప్ప అదేమీ చెయ్యదు. కానీ చూపించడానికీ రెప్పపాటులో వెయ్యోవంతు పడుతుంది. ఆ ఆలస్యంలోనే రెండు అలారాల కబుర్లూ ఒకదాన్నొకటి తప్పించుకుంటున్నాయేమో.

లైను తీసేసి మళ్లీ నడిపాడు. నాలుగు గంటలకు, ఆరువందల పధ్నాలుగోసారి, పాత డబ్బాలో ఊపిరి అలారం మోగలేదు.

"ఆ లైను ఉంచేద్దూ. ఎవరికి అడ్డం?" అంది అక్క.

"రేపు ఇంకో రకం డబ్బా మీద ఆ ఆలస్యం చాలకపోతే, అక్కా?"

అక్క కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. "నా వల్ల కాదు తమ్ముడూ. పక్క బిల్డింగ్‌లో వేరే పనికి రమ్మన్నారు, అక్కడ నా సీటు పక్కన కిటికీ ఉందట." సంచీ సర్దుకుని, అతని భుజం తట్టి వెళ్లిపోయింది.

మేనేజర్ బదిలీ కాగితం తిరిగి సొరుగులో పెట్టుకున్నాడు.

భార్యకు ఫోన్ చేసి విషయం చెప్పాడు. ఆమె, "భోజనానికైతే ఆ గదిలోంచి బయటికొస్తావుగా?" అంది.

"ఒంటిగంటకి."

"రేపు సెలవు పెట్టి నేనే వస్తున్నా. ఒంటిగంటకి గేటు దగ్గరుంటా."

అతను పక్కకు చూశాడు. ఖాళీ కుర్చీ వీపున అక్క స్వెటర్ వేలాడుతోంది, మోచేతుల దగ్గర ఇంకా వంపు తిరిగే ఉంది.