వాన ప్రార్థన ఇంగ్లీషు

రెజీనా టీచరుకు టెట్‌లో నూట యాభైకి అరవై ఎనిమిది మార్కులు వచ్చాయి. గట్టెక్కడానికి డెబ్బై అయిదు కావాలి. ఇంగ్లీషులో అయితే ముప్పైకి ఆరు.

ఆ ఆరు గురించి పత్తికొండలో టీచర్ల మీటింగప్పుడు ఒకాయన లెక్క చెప్పాడు. ప్రశ్నకు నాలుగు జవాబులిస్తారు గదా, కళ్ళు మూసుకుని అన్నిటికీ ఒకటే నొక్కుకుంటూ పోయినా ఏడెనిమిది రాలతాయట. అందరూ నవ్వారు. నవ్వించిన పెద్దమనిషికి ఈ బాధ లేదు, రిటైర్మెంటుకు నాలుగేళ్ళే ఉంది. ఐదేళ్ళకు మించి సర్వీసు మిగిలిన వాళ్ళంతా, ఎప్పుడు చేరినవాళ్ళయినా సరే, రెండేళ్ళలోగా టెట్ పాసు కావాలని, లేకపోతే ఉద్యోగం వదులుకోవాలని తీర్పు వచ్చింది. రెజీనాకు నలభై ఏడు. ఇంకా పదిహేనేళ్ళ సర్వీసుంది.

ఇంగ్లీషు రాని టీచరేమిటని నోరు పారేసుకునే ముందు కాస్త ఆగాలి. ఆమె చదువంతా తెలుగు మీడియమే. ట్రైనింగు తెలుగులో, ఉద్యోగం పరీక్ష తెలుగులో. పిల్లలకు చదవడం రాయడం నేర్పించమన్నారు, ఇరవై నాలుగేళ్ళుగా అదే పని చేసింది, బాగా చేసింది. ఒక ఎండాకాలం సెలవులు ముగిసి వచ్చేసరికి బడి ఇంగ్లీషు మీడియం అయిపోయింది. బోర్డు మీద అక్షరాలు మార్చడానికి పెయింటరు వచ్చాడు. టీచర్ని మార్చడానికి ఎవరూ రాలేదు. పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. రెజీనా తెలుగు పేజీ చూసి పాఠం చెప్పింది. అదేమని అడిగినవాడు లేడు, ఈ తీర్పు వచ్చేదాకా.

మార్కులు వచ్చిన రోజు ఆమె అన్నం తినలేదు. భర్త బాలస్వామి పక్కన కూర్చున్నాడు. ఆయనకు రెండెకరాల మెట్ట ఉంది, ఊరి చర్చిలో సంఘ పెద్ద. లేచి వెళ్ళి పెట్టెలోంచి ఒక నల్లట్ట పుస్తకం తెచ్చాడు. చర్చిలో ప్రతి ఆదివారం చదివే ప్రార్థనల పుస్తకమే, కాకపోతే ఇంగ్లీషుది. మిషను ఆసుపత్రి మూసేసి పోయేటప్పుడు అక్కడి దొరసాని బాలస్వామి నాయనకు ఇచ్చిందట.

"మన ప్రార్థనలల్లో నీకు కంఠతా రానిది ఒకటన్నా ఉండాదా?" అన్నాడు. "తెలుగుది ఈపక్క పెట్టుకో, ఇంగ్లీషుది ఆపక్క పెట్టుకో. చదువు. అర్థం ముందే తెలుసు, ఇంగ ఇంగ్లీషు రాకుండా యాడికి పోతాది?"

ఆ మాట ఆమెకు నచ్చింది. నిజం చెప్పాలంటే ఆ స్థితిలో ఏ మాటయినా నచ్చేదే.

మర్నాటి నుంచి తెల్లారగానే రెండు పుస్తకాలు ముందేసుకుని కూర్చునేది. మొదట్లో కష్టమైంది. కొడుకు క్రాంతి కుమార్ బెంగుళూరులో డ్రైవరు, వాడు ఫోనులో పలకడం నేర్పాడు. రెండు నెలలకు వరస దొరికింది. ఒప్పుకోలు ప్రార్థన వచ్చింది, కృతజ్ఞతా ప్రార్థన వచ్చింది, పంటల పండుగ ప్రార్థన వచ్చింది. పుస్తకం తెరిచి గడగడా చదువుతుంటే ప్రతి మాటకూ అర్థం మనసులో మెదిలేది. ఇన్నేళ్ళు దీనికా భయపడింది అని ఆమెకే నవ్వొచ్చింది. బాలస్వామి వాకిట్లో ఎద్దుకు మేత వేస్తూ చెవి ఇటే పెట్టేవాడు.

జూలైలో వాన లేదు. వేరుశనగ వేసిన వాళ్ళు మొలక చూసి మొహం తిప్పుకుంటున్నారు. ఆ ఆదివారం చర్చిలో వాన కోసం ప్రార్థన పెట్టారు. బాలస్వామి లేచి, ఈ దినము రెజీనా అమ్మగారు ఇంగ్లీషులో చదువుతారు అన్నాడు. ఆమెతో ఒక్క మాటయినా అనలేదు ముందు. ఆమె లేచింది, నల్లట్ట పుస్తకం చేతపట్టుకుని వాన ప్రార్థన మొత్తం ఒక్క చోట కూడా ఆగకుండా చదివింది. కూలికి పోయి చేతులు పగిలిన ఆడవాళ్ళు కొంగు కళ్ళకద్దుకున్నారు. ఇక్కడ ఆగివుంటే బాగుండేది. ఆగలేదు. దేవుడు నాకు ఇంగ్లీషు ఇచ్చినాడు, ఈసారి పరీక్ష పాసయినట్టే అని అక్కడే సాక్ష్యం చెప్పేసింది. సాక్ష్యమంటే పని అయ్యాక చెప్పేది. కాకముందే చెప్పింది.

పైగా ఆ సాయంత్రం నాలుగు చినుకులు రాలాయి. దుమ్ము కూడా అణగలేదు, అయినా వానే.

"ఇన్నాళ్ళు తెలుగులో అడుగుతాంటిమి, దేవునికి ఇనపడ్ల్యా" అని చర్చి ఊడ్చే విశ్వాసమ్మ వీధంతా చెప్పుకుంటూ పోయింది. ప్రతి శుక్రవారం రెజీనా పరీక్ష కోసం ఉపవాస ప్రార్థన మొదలైంది.

ఆ వారమే మధులత కర్నూలు నుంచి ఇంటికి వచ్చింది. టమోటాలు పండించే శ్రీనివాసులు కూతురు. ఒకటి నుంచి ఐదు దాకా రెజీనా దగ్గరే చదివింది. ఇరవై ఆరేళ్ళు, టీచరు ట్రైనింగు చేసింది, టెట్‌లో నూట ముప్పై ఒకటి. కానీ డీఎస్సీలో అర మార్కుతో ఉద్యోగం తప్పిపోయింది, ఇప్పుడు మళ్ళీ పోస్టులు పడాలని చూస్తోంది. టీచరు ఇంగ్లీషు చదువుతోందని విని ఒకరోజు బడి వదిలాక తనే వచ్చింది.

"ఏది, ఒక తూరి చదవండి టీచర్, ఇందాం."

రెజీనా వాన ప్రార్థన తీసి చదివింది. మధులత బాగుందనలేదు, బాగాలేదనలేదు. దగ్గరకు జరిగి, పేజీ నడిమధ్యలో ఒక మాట మీద వేలు పెట్టింది.

"ఇదేంది టీచర్?"

రెజీనా పెదవులు కదిలాయి. మొదటి లైను నుంచి లోపల్లోపల చెప్పుకుంటూ వచ్చి, ఆ మాట దగ్గర ఆగి పైకి పలికింది. "పొలాలు."

"ఇదీ?"

మళ్ళీ మొదటి నుంచి వచ్చింది. "మేఘాలు."

మూడోసారి మధులత అరచేత్తో పై లైన్లన్నీ మూసేసి వేలు పెట్టింది. రెజీనా ఆ మాటను చూస్తూ ఉండిపోయింది. అక్షరాలు ఒక్కొక్కటీ తెలుసు. అంతా కలిసి ఏమిటో తెలియలేదు.

"ఇట్ల అడిగేది నీకు ఎవురు నేర్పించిరి?"

"మీరే టీచర్." మధులత గొంతు తగ్గించింది. "రెండో తరగతిలో నేను పాఠం కంఠతా పట్టి చదివినట్ల చెప్తాంటి. మీరు నడిమధ్యలో ఏలు పెడ్తిరి. పట్టుకుంటిరి."

ఇరవై నాలుగేళ్ళలో అలా ఎంతమందిని పట్టుకుందో రెజీనాకే లెక్క లేదు. చదువుతున్నట్టు నటించే పిల్లకు నటిస్తున్నానని తెలియదు, నిజంగానే చదువుతున్నాననుకుంటుంది. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. తెలిసీ తన దగ్గరకు వచ్చేసరికి కనిపెట్టలేకపోయింది. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

మధులత ఒక కాగితం మీద నాలుగు లైన్లు రాసి ఇచ్చింది. అన్నీ ఆ ప్రార్థనలోని మాటలే, ఒక్కటి కూడా కొత్తది లేదు. పొలంలో వాన పడలేదని, రైతు ఊరు విడిచాడని ఏదో చిన్న కథ. రెజీనా దాన్ని పావుగంట చూసింది. 'దేవా' అన్న మాట ఎక్కడా లేకపోయేసరికి ఆమెకు దారి దొరకలేదు.

"ఇది వచ్చేకి ఎన్నాళ్ళు పడ్తాది?" అని అడిగింది.

"చిన్న పిల్లోల్లకైతే రెండేండ్లు, మూడేండ్లు. మీరే చెప్తాంటిరి గదా టీచర్."

"నాకు?"

మధులత కాగితం మడిచి పుస్తకంలో పెట్టింది.

పరీక్షకు ఐదు వారాలుంది. మధులత రోజూ సాయంత్రం వచ్చేది. రోజుకు పది మాటలు, వాటితో చిన్న చిన్న వాక్యాలు. నేర్చుకున్న పదిలో మర్నాటికి మూడు మిగిలేవి, వారానికి ఒకటి. బడిలో తన ముందు కూర్చున్న పిల్లలు ఆడుకుంటూ మాటలు పట్టేస్తుంటే చూసి ఆమెకు అసూయ కలిగేది. పిల్లల మీద అసూయ పడే టీచరు ఎక్కడైనా ఉంటుందా అని తన్ను తానే తిట్టుకునేది.

ఒక సాయంత్రం ఉన్నట్టుండి అడిగింది. "నేను ఫెయిలయితే ఈ పోస్టు ఖాళీ అయితాది గదా మధూ. నీకు మంచిదే గదా."

మధులత తల దించుకుంది. కాదని చెప్పి తప్పించుకోవచ్చు, కానీ ఆ పిల్లకు అబద్ధం చేతకాదు. "ఔను టీచర్. జిల్లాలో ఎంతమంది ఫెయిలయితారో, ఎన్ని పోస్టులు పడ్తాయో మేమంతా మాట్లాడుకుంటాండాం. నేను గూడా." తల ఎత్తి, "అయినా వస్తాండా గదా" అంది.

రెజీనాకు కోపం రాలేదు. వచ్చివుంటే తేలికగా ఉండేది.

భర్తకు ఆమె నిజం చెప్పేసింది. "నాకు ఇంగ్లీషు రాల్యా. కంఠతా వచ్చింది, అంతే. చర్చిలో నేను చదవలేదు, ఒప్పజెప్తిని."

బాలస్వామి ఆమెను వింతగా చూశాడు. "మరి వాన పడె గదా?" అన్నాడు.

శుక్రవారం ఉపవాసాలు అలాగే సాగాయి.

ఆగస్టు చివర కర్నూలు అవతల ఒక ఇంజనీరింగు కాలేజీలో పరీక్ష. చుట్టూ మనవరాళ్ళ వయసు కాకపోయినా కూతుళ్ళ వయసు పిల్లలు. తెలుగు, పిల్లల మనస్తత్వం, లెక్కలు, పరిసరాలు అన్నీ గంటన్నరలో ముగించింది. తరువాత తెర మీద ఇంగ్లీషు పేరా వచ్చింది. ఎవరో ఒక మనిషి, ఒక పడవ, ఒక పొద్దు. ఆ మనిషి పడవలో పోయాడా, పడవ ఆ మనిషిని వదిలిపోయిందా? మొదటి లైను నుంచి మళ్ళీ చదివింది. మళ్ళీ చదివింది. తెలిసిన మాటలు అక్కడక్కడా కనిపించాయి, సంతలో మన ఊరి మొహాలు కనిపించినట్టు. పలకరించేలోగా దాటిపోయాయి. టైము అయిపోయి తెర దానంతటదే మూసుకుంది.

మొత్తం అరవై తొమ్మిది వచ్చాయి. ఇంగ్లీషులో ఏడు.

ఇంకొక ఏడాది ఉంది, మళ్ళీ రాయొచ్చు అన్నారు అందరూ. ఆమె కూడా అవునంది. ఎనిమిది నెలల్లో ఒక్క మార్కు పెరిగింది. ఆ లెక్కన ఎప్పటికి పాసవుతుందో చెప్పడానికి లెక్కల టీచరు అక్కర్లేదు. ఇక తనకు రాదని ఆమెకు తెలిసిపోయింది, తెలిసిన సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఓదారుస్తారు, ఆ ఓదార్పు భరించే ఓపిక లేదు.

మరుసటి సోమవారం రెజీనా మధులత ఇంటికి పోయి అడిగింది. "నువ్వు ఖాళీగానే ఉండావు గదా. దినామూ ఒక గంట బడికి రా. మూడో తరగతికి ఇంగ్లీషు పేజీ చెప్పు. నా పని నాది, వాళ్ళేం పాపం చేసిరి?"

మంగళవారం మధులత వచ్చింది. రెజీనా వెనక గోడ దగ్గర పిల్లల పక్కన చాప మీద కూర్చుంది. మధులత పుస్తకం తెరవనే లేదు. ఒక పిల్లను తలుపు దాకా నడిపించింది, నడుస్తుంటే ఇంగ్లీషులో చెప్పింది. ఒకరిని దూకమంది, ఒకరిని దాక్కోమంది. పిల్లలు నవ్వారు, అరిచారు, ఎగబడ్డారు. అరగంటకు వాళ్ళు ఒకరికొకరు ఇంగ్లీషులో చెప్పుకుని దూకుతున్నారు. ఎప్పుడూ నోరు విప్పని గిడ్డమ్మ, అవ్వ పేరు పెట్టుకున్న తొమ్మిదేళ్ళ పిల్ల, లేచి నిలబడి మొత్తం తరగతిని కూర్చోమని ఇంగ్లీషులో ఆజ్ఞాపించింది. అందరూ కూర్చున్నారు.

రెజీనాకు సంతోషం కలిగింది. మంచి టీచరును చూస్తే ఇంకో టీచరుకు కలిగే సంతోషం అది, దాన్ని ఆపుకోవడం కుదరదు. ఆ సంతోషం వెనకనే ఇంకొకటి వచ్చి గుండెల మీద కూర్చుంది. ఉద్యోగం పోతే ఇల్లు గడవడం గురించి, ఊళ్ళో తలెత్తుకోవడం గురించి, చర్చిలో చెప్పిన సాక్ష్యం గురించి ఇన్ని నెలలు భయపడింది. అయినా, తను పోతే ఈ పిల్లలు ఏమైపోతారో అన్న ఒక్క మాట మాత్రం ఆమెను నిలబెట్టింది. వీళ్ళకు ఏమీ కాదు. వీళ్ళు బాగుంటారు. తను ఉన్నప్పటికంటే బాగుంటారు.

గంట కొట్టారు. మధులత చేతికంటిన సుద్ద దులుపుకుని బయటికి పోయింది. గిడ్డమ్మ ఎగురుకుంటూ వచ్చి రెజీనా చెయ్యి పట్టుకుంది. మొహం వెలిగిపోతోంది.

"టీచర్, రేపు గూడా ఆ అక్కనే చెప్తాదా?"

"చెప్తాది" అంది రెజీనా.

"ఎల్లుండి గూడా?"

"ఎల్లుండి గూడా చెప్తాది."

గిడ్డమ్మ చెయ్యి వదిలేసి, ఆ మాట మిగతా పిల్లలకు చెప్పడానికి పరుగెత్తింది.